గంజి వదలని జెండాలు

ఓట్లు లెక్కపెట్టే రోజు పొద్దున కొట్టు తలుపులు తీసేసరికి బట్టల వ్యాపారి చేతిలో ఉన్న సరుకు ఇదీ: అరల నిండా బూడిద రంగు గుడ్డ, వెనక గదిలో పైకప్పు దాకా పేర్చిన తెల్లగుడ్డ తానులు, మెడలో కొలత టేపు, చొక్కా లోపలి జేబులో ఒక తాళంచెవి. బూడిద గుడ్డ సాయంత్రానికల్లా చెల్లిపోతుందని అతని అంచనా. తెల్లగుడ్డకు తొందరలేదు, అది ఏ కాలంలోనైనా పోతుంది. టేపు సంగతి చెప్పక్కర్లేదు, ఇన్నేళ్లూ అతనికి అన్నం పెట్టింది అదే. తాళంచెవిని మాత్రం ఏ ఖాతాలో వేయాలో అతనికి తెలియలేదు. అది అమ్మేదీ కాదు, వాడేదీ కాదు, పారేసేదీ కాదు. అయినా చొక్కా మార్చినప్పుడల్లా మాసిన జేబులోంచి ఉతికిన జేబులోకి మారుతూనే ఉంది.

వీధిలో అతన్ని అందరూ మీటరు అంటారు. గుడ్డ కొలిచేవాడని మాత్రమే కాదు. ఎవరైనా వచ్చి "ఊరు ఊరంతా తిరగబడింది" అంటే, "ఊరంతా అంటే ఎంతమంది?" అని అడిగే రకం. పెళ్లి చేసుకోమని పెద్దవాళ్లు పోరినన్నాళ్లూ ప్రతి సంబంధానికీ లాభనష్టాలు బేరీజు వేస్తూ కూర్చున్నాడు. లెక్క తేలేలోపల వయసు దాటిపోయింది. ఇప్పుడు అతనికి నా అన్నది ఒక్క అక్కే.

బూడిద రంగు కట్టుబాటు పార్టీది. వరసగా రెండు ఎన్నికలు వాళ్లే గెలిచారు. గెలిచిన ప్రతిసారీ జెండాలకూ, వేదికల చుట్టూ కట్టే తెరలకూ గుడ్డ మీటరు కొట్లోంచే వెళ్లింది. ఈసారీ వాళ్లదేనని లెక్కకట్టి అరలు నింపుకున్నాడు. వాళ్లంటే ఇష్టమై కాదు. "వానంటే ఇష్టమున్నవాడే గొడుగులు అమ్ముతాడా?" అనేవాడు ఎవరైనా ఎత్తిపొడిస్తే.

నిజానికి వాళ్లంటే అతనికి ఒళ్లు మంట. ఆ మంటకు కారణం జేబులోని తాళంచెవి.

ఆ పార్టీ తరఫున గెలిచిన స్థానిక సభ్యుడు ఎప్పుడు మైకు పట్టుకున్నా ఒకే మాటతో మొదలుపెట్టేవాడు: "ఇంటికి గొళ్లెం ఎలాంటిదో, సమాజానికి కట్టుబాటు అలాంటిది." వినీ వినీ జనం ఆయన అసలు పేరు మరిచిపోయి గొళ్లెం అని పిలవడం మొదలుపెట్టారు. గొళ్లెం హయాంలో వీధి ఒక్కొక్క గడియా వేసుకుంటూ పోయింది. పొద్దు గూకితే పాట వినిపించకూడదు. టీకొట్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తెర ఉండాలి. దర్జీ ఆడమనిషి అయితే మగవాళ్ల కొలతలు చేత్తో తీయకూడదు, కంటితో చూసి కుట్టాలి. వీధికి ఉన్న ఒక్క దర్జీ ఆడమనిషే కావడంతో మగాళ్లందరూ ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి చొక్కాలు తొడుక్కుని తిరిగేవారు.

అన్నిటికన్నా చివర వచ్చిన నిబంధన మీటరు ఇంటికే వచ్చింది. ఆడమనిషి పేరున పనిశాల లైసెన్సు ఉండకూడదు. తండ్రో, భర్తో, తోడబుట్టినవాడో ఎవరో ఒక మగవాడి పేరుకు మార్పించుకోవాలి.

కొట్టు వెనక గదికి ఆనుకుని ఉన్నది అక్క అద్దకపు పనిశాల. మధ్య గోడలో చిన్న కిటికీ. ఇటునుంచి తెల్లగుడ్డ వెళ్లేది, అటునుంచి రంగుగుడ్డ వచ్చేది. అక్క మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఇవాళ ఏ రంగు వేస్తోందో పిల్లలు ఆమె చేతులు చూసి చెప్పేవారు. కిటికీ దగ్గర ఇద్దరికీ రోజూ ఒకటే గొడవ, గంజి. అరలో గుడ్డ నిటారుగా, నిగనిగలాడుతూ ఉండాలని మీటరు మిల్లు గంజి చాలక తన గంజి కూడా పెట్టించి ఇస్త్రీ చేయించేవాడు.

"నీ గంజి వదిలించడానికే నా సగం ఆయుష్షు పోతోందిరా!" అని అటునుంచి అక్క అరిచేది.

"గంజి లేకపోతే గుడ్డ గుడ్డలా ఉండదు, పీలికలా ఉంటుంది," అని ఇటునుంచి ఇతను.

గంజి ఎందుకు వదిలించాలో ఇతను ఏనాడూ అడగలేదు. కిటికీకి ఇవతలి పని ఇవతలివాడిది, అవతలి పని అవతలిమనిషిది. వాళ్ల వ్యాపారం అంత సాఫీగా సాగడానికి అదే కారణమని అతని నమ్మకం.

లైసెన్సు నోటీసు వచ్చిననాడు మీటరు దాన్ని రెండుసార్లు చదివి, కిటికీలోంచి తల దూర్చి తేలిగ్గా అన్నాడు. "నా పేరున రాయించేద్దాం అక్కా. కాగితం మీదే కదా. గంగాళం నీదే, కలిపే కర్ర నీదే."

అక్క గుడ్డ పిండుతూనే ఉంది. "సరే. నీ కొట్టు బోర్డు మీద నీ పేరు చెరిపి నా పేరు రాయించు."

"అదెలా కుదురుతుంది?"

"అదెలా కుదరదో ఇదీ అలాగే కుదరదు."

"లెక్క చూడు మరి. మూసేస్తే నష్టం ఎవరికి?"

"నీ లెక్కలో నా పేరుకు ధర ఎంత వేశావు?"

మీటరు నోటీసు మడత పెట్టాడు. అక్క చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరకు వచ్చింది. "పేరు లేకుండా పని చేయాల్సే వస్తే నా పేరు తెలియని ఊళ్లో చేసుకుంటా. ఇక్కడ ప్రతి ఇంట్లో దుప్పటికీ తెలుసు నేనెవరో. ఇంకొకడి పేరు కింద వంగి గంగాళం కలపడం నా వల్లకాదు." బయట తాళం వేసి, తాళంచెవి కొట్లోకి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "గొళ్లెం దిగిన రోజు చూద్దాం."

ఆ మాట అని బస్సెక్కింది. కొండలకు అవతల ఎవరిదో అద్దకపు పనిశాలలో కూలికి చేరింది. అప్పుడప్పుడు యజమాని ఇంటి ఫోన్లోంచి మాట్లాడేది. "వానలు పడ్డాయా?" "పడ్డాయి." "గోడ కారుతోందా?" "కాస్త." "తిన్నావా?" "తిన్నా." అంతే. వస్తావా అని ఇతను అడగలేదు, వస్తానని ఆమె అనలేదు. ఫోను పెట్టేశాక మీటరు వెనక గదిలోకి వెళ్లి కిటికీ రెక్క తీసి కూర్చునేవాడు. మొదట్లో అటునుంచి తడిగుడ్డ వాసన, మరిగిన రంగు వాసన వచ్చేవి. పోనుపోను పలచబడి, ఆఖరికి దుమ్ము వాసన ఒక్కటే మిగిలింది. అయినా రెక్క తీయడం మానలేదు. ఏ సరుకైనా కదలకుండా ఇన్నాళ్లు పడి ఉంటే కొట్లోంచి తీసేసేవాడే. ఇది మాత్రం తీయలేకపోయాడు.

*

ఆ పొద్దున టీకొట్లో టీవీ ముందు వీధి వీధంతా చేరింది. టీకొట్టు యజమాని మీటరును వరసైనా కాకపోయినా బావా అనే పిలుస్తాడు.

"బావా, ఇటు రా! నీ గిరాకీలు వెనకబడ్డారు."

"ఎన్ని ఓట్లు?" అన్నాడు మీటరు కొట్లోంచే.

"ఓట్లు నువ్వే కొలుచుకో, నీ దగ్గర టేపుంది కదా!"

అందరూ నవ్వారు. మీటరు వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. తెరకు అవతల ఆడవాళ్లు, ఇవతల మగవాళ్లు. టీవీ ఒక్కటే కాబట్టి తెరకు అవతలివాళ్లు మాటలు మాత్రమే వింటున్నారు.

"ఎవరికి వేశావు బాబాయ్?" అని ఎవరో కుర్రాడు గుచ్చాడు.

"ఏ గుడ్డ ఎక్కువ పోతుందో వాళ్లకి," అన్నాడు మీటరు. అది అబద్ధం. ఓటు వేసే గదిలో జేబులోని తాళంచెవిని ఒకసారి తడిమి చూసుకుని మరీ వేశాడు.

గొళ్లెం మొదట ముందున్నాడు. తర్వాత సమానమయ్యాడు. ఆ తర్వాత వెనకబడ్డాడు. మీటరు టీ చల్లారి మీగడ కట్టింది. మధ్యాహ్నమవుతుండగా టీవీలో గొళ్లెం ఫోటో పక్కన "ఓటమి" అని పడింది. ఇవతలివాళ్లు ఒక్క క్షణం నమ్మలేక నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. తెరకు అవతలినుంచి దర్జీ గొంతు వినిపించింది.

"ఏమయింది? ఎవరైనా చెప్పి చావండి!"

"గొళ్లెం ఊడింది, దర్జీ పిన్నీ!"

తెర చిరిగిన చప్పుడు. దర్జీ రెండు చేతులతో దాన్ని పట్టుకుని లాగింది, కడ్డీతో సహా ఊడి వచ్చింది. ఎవరింట్లోంచో ఒక కుర్రాడు నిజం గొళ్లెమే ఊడబెరుక్కొచ్చి కరెంటు స్తంభానికేసి కొట్టడం మొదలుపెట్టాడు. చూస్తూండగానే ఇంటింటికీ గొళ్లేలు ఊడాయి. ఇనుప గొళ్లేలు, ఇత్తడి గొళ్లేలు, తుప్పుపట్టినవి, పెరటి తలుపువి. పళ్లేల మీద, నీళ్ల పంపుల మీద, ఒకదానిమీద ఒకటి. పొద్దు గూకాక పాట వినబడని వీధిలో పట్టపగలే ఆ మోత.

టీకొట్టతను చిరిగిన తెరను చుట్టచుట్టి మీటరు ఒళ్లో పడేశాడు. "ఇదిగో బావా, నీ గుడ్డ. నీ కొట్లో కొన్నదే. వెనక్కి తీసుకో."

"వాడిన సరుకు వాపసు లేదు," అన్నాడు మీటరు. కానీ దాన్ని ఒళ్లోంచి దించలేదు.

దర్జీ మీటరు మెడలోని టేపు లాగి అతని భుజాల మీద వేసింది. "నిలబడు అన్నయ్యా. ఇన్నాళ్లూ నీ భుజాలు ఇంత వెడల్పని కంటి లెక్కన కుట్టాను. ఒక్కసారి నిజం తేలనీ." కొలిచి పకపకా నవ్వింది. "అయ్యో, సగం మనిషివే! మిగతా సగం చొక్కాలో గాలి."

మీటరు నవ్వాడు గాని అతని చూపు మాటిమాటికీ కొట్లోని ఫోను వైపే పోతోంది. గొళ్లెం దిగింది. ఆ మాటన్న మనిషికి తెలిసిందో లేదో. తెలిస్తే ఫోను మోగాలి కదా.

మోగలేదు. అతనే చేశాడు. అవతల ఎవరో పిల్ల ఎత్తింది.

"అక్క ఉందా? అద్దకం అక్క."

"గంగాళం దగ్గరుందండీ. రంగు మరుగుతోంది, వదిలి రాకూడదు. ఏమైనా చెప్పాలా?"

"గొళ్లెం దిగిందని చెప్పమ్మా."

"అంటే?"

"అలా చెబితే చాలు."

ఫోను పక్కన పెట్టిన చప్పుడు, అడుగుల చప్పుడు, దూరంగా నీళ్లు కుమ్మరించిన చప్పుడు. మీటరు టేపు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. పిల్ల తిరిగొచ్చింది.

"చెప్పానండీ. విన్నానంది."

"ఇంకేమీ అనలేదా?"

"లేదండీ. కర్ర ఆపి మళ్లీ కలిపింది."

మీటరు ఫోను పెట్టేశాడు. విన్నానంది. ఆ ఒక్కమాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. నేసిన గుడ్డయితే పోగు లాగి ఎంత నాణ్యమో చెప్పేసేవాడు. మాటకు ఆ వీలు లేదు.

*

అంతలో జనం కొట్టు మీద పడ్డారు. సాయంత్రం ఊరేగింపు. గెలిచినవాళ్ల రంగు వంకాయ రంగు. గొళ్లెం ఎన్నికల సభల్లో వాళ్లను "వంకాయ పార్టీ" అని వెక్కిరించాడు. వాళ్లు సిగ్గుపడకపోగా ఆ పేరే ఖాయం చేసుకున్నారు. ఇప్పుడు ఊరికంతటికీ వంకాయ రంగు గుడ్డ కావాలి. పెద్ద బజార్లో ఉన్నదంతా మధ్యాహ్నానికే ఊడ్చుకుపోయింది.

"నీ దగ్గర లేదంటే ఎలా అన్నయ్యా?" దర్జీ అరలన్నీ వెతికింది. "బూడిద, బూడిద, బూడిద! గొళ్లెం గారి కోసం గోదాము పెట్టావా ఏంటి?"

"లెక్క తప్పింది," అన్నాడు మీటరు. ఆ మాట అతని నోట విన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. "తెల్లగుడ్డ ఉంది."

"తెల్ల జెండా పట్టుకుపోతే గొళ్లేనికి మనం లొంగిపోయామనుకుంటారు బావా!" అన్నాడు టీకొట్టతను.

మీటరు చెయ్యి తనంతట తనే లోపలి జేబులోకి పోయింది. ఇన్నాళ్లూ ఎప్పుడూ ఆ తాళం తీయలేదు. తీస్తే ఆమె వెళ్లిపోయిన సంగతి ఖాయమైపోతుందని భయం. ఇవాళ తీస్తే ఆమె రావలసిన సంగతి ఖాయమవుతుందేమో అనిపించింది. ఇందులో లెక్కేమీ లేదని అతనికీ తెలుసు.

"రండి," అన్నాడు.

పనిశాల తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. గంగాళం బోర్లించి ఉంది. కలిపే కర్రలు గోడకు చేరేసి ఉన్నాయి, ఒక్కొక్క కర్ర కొసన ఒక్కో రంగు. ఆరేసే తాళ్ల మీద సాలెగూళ్లు. మేకుకు అక్క ముందు కట్టుకునే గుడ్డ, అందులో ఏ రంగుందో చెప్పలేనన్ని రంగులు. రంగుపొడి డబ్బాలు మూతలు బిగించి వరసగా పెట్టి ఉన్నాయి. మళ్లీ వచ్చే మనిషి సర్దుకున్నట్టు ఉంది ఆ సర్దుడు. మీటరు ఒక డబ్బా మూత మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు.

"నీకు చేతనవునా?" అంది దర్జీ.

"కిటికీలోంచి జీవితమంతా చూశాను. నీళ్లు మరగాలి. ఎరుపు కొంత, నీలం కొంత, ఉప్పు గుప్పెళ్లు. తిప్పుతూ ఉండాలి. అంతే."

పొయ్యి రాజేశారు. టీకొట్టతను కట్టెలు ఎగదోశాడు. తెల్లగుడ్డ తానులు మీటరు కిటికీలోంచే అందించాడు. గుమ్మంలోంచి తేవచ్చు, దగ్గర కూడా. కానీ కిటికీలోంచే అందించాడు. అరలోంచి తీసినవి తీసినట్టే, నిటారుగా, నిగనిగలాడుతూ, గంజి ఫెళఫెళలాడుతూ గంగాళంలోకి దిగాయి.

తీసి చూస్తే మతిపోయింది. ఒకచోట గులాబీ, ఒకచోట నీలం, అంచుల్లో చిక్కటి వంకాయ, మధ్యలో ఎక్కడికక్కడ తెల్లటి మచ్చలు.

"అన్నయ్యా, ఇది వంకాయ కాదు. పుచ్చు వంకాయ," అంది దర్జీ.

"కలిపే కర్ర సరిగా తిప్పలేదు నువ్వు," అన్నాడు మీటరు టీకొట్టతనితో.

"నా తప్పేనా? రోజూ ఇన్ని టీలు కలుపుతున్నా, ఒక్కదాంట్లో ఇన్ని మచ్చలు చూశావా?"

ఇంకో తాను వేశారు. అదీ అంతే. పొద్దు వాలిపోతోంది. బయట గొళ్లేల మోత ఎక్కువైంది. "పోనీ, మచ్చలతోనే పోనీ," అని దర్జీ గుడ్డను బరబరా లాగింది. "ఎన్ని కావాలి? కొలిచి ఇయ్యి."

మీటరు టేపు తీశాడు. తడిగుడ్డ మీద వేసేసరికి టేపుకూ రంగంటుకుంది. మళ్లీ మెడలో వేసేసుకుని, గుడ్డను చేత్తో పట్టి చర్రున చించాడు. చించి ఇచ్చాడు. మళ్లీ చించాడు. కొట్టు పెట్టాక కొలవకుండా గుడ్డ చించడం అదే మొదలు.

ఆరకముందే జెండాలు వీధికెక్కాయి. తడిగుడ్డ కారి మొహాల మీద, చొక్కాల మీద, ఒకటే వంకాయ ధారలు. దర్జీ అందరికన్నా పెద్ద జెండా పట్టుకుని గడియారం స్తంభం మెట్లెక్కి నిలబడింది. ఎవరో పత్రికవాడు ఫోటో తీశాడు. ఊరేగింపు గొళ్లెం ఇంటి ముందుకు వచ్చింది. తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. ఓ కుర్రాడు తలుపు బాదబోతే దర్జీ రెక్క పట్టుకుని లాగింది.

"వద్దు. ఒకరి ఇంట్లోకి తొంగిచూసే పని ఆయనది. మనది కాదు."

జనం నవ్వుకుంటూ, గొళ్లేలు మోగించుకుంటూ ముందుకు సాగారు. మీటరు మాత్రం వాళ్లతో మలుపు దాకా వెళ్లి, అక్కడినుంచి బస్టాండు వైపు తిరిగాడు. కొండల వైపునుంచి సాయంత్రం బస్సు వచ్చే వేళయింది.

బస్సు వచ్చింది. కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి కేకలేస్తూ జనం దిగారు. ఒకావిడ బుట్ట దించుకుంది. ఒక ముసలాయన దిగలేక కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు. అందరూ దిగాక మీటరు మెట్టెక్కి లోపలికి తొంగిచూశాడు.

"ఎవరి కోసం?" అన్నాడు కండక్టరు, ఇతని మోచేతుల దాకా ఉన్న రంగును చూస్తూ.

"ఒక సరుకు రావాలి."

"వచ్చే సరుకు వస్తుందిలే. గెలిచాం కదా, నవ్వు!"

మీటరు నవ్వబోయాడు. పక్కనే ఎవరో అన్నాచెల్లెళ్లు ఒకరి మెడ మీద ఒకరు చెయ్యివేసుకుని, మచ్చల జెండాతో మొహాలు తుడుచుకుంటూ వెళ్తున్నారు. ఊరి గెలుపులో అందరికీ వాటా అందింది. అతని వాటా ఇంకా దారిలో ఉంది, లేదా బయల్దేరనే లేదు. ఏదో తెలిస్తే లెక్క సరిపోయేది.

*

మర్నాడు పత్రికలో మొదటి పేజీ నిండా దర్జీ, ఆమె చేతిలో మచ్చల జెండా. టీకొట్టతను దాన్ని గోడకు తగిలించాడు, తెర కట్టిన మేకులకే. ఆ రోజు ఫోను మోగలేదు. మీటరు సాయంత్రం బస్సుకు మళ్లీ వెళ్లాడు. వీధికి తెలియకుండా వెళ్లాననుకున్నాడు.

"సరుకు రాలేదా బావా?" అన్నాడు టీకొట్టతను, వెక్కిరింపు లేకుండా.

"రాలేదు."

ఆ మరుసటి రోజు పొద్దున మీటరు అరల్లోని బూడిద గుడ్డ దించి మూటలు కడుతున్నాడు. ఇక అది ఎవరికీ అక్కర్లేదు. వెనకనుంచి ఏదో వచ్చి అతని వీపుకు తగిలి కింద పడింది. మడిచిన పత్రిక. మొదటి పేజీ.

"గంజి వదిలించావా?"

మీటరు వెనక్కి తిరిగాడు. గుమ్మంలో అక్క. జుట్టు నెరిసింది. చేతులకు ఆకుపచ్చ రంగు, మోచేతుల దాకా. తెల్లవారుజాము బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచి కూడా దించలేదు.

"ఏ గంజి?" అన్నాడు. ఎదురుచూసినన్నాళ్లూ ఏమేమో అందామనుకున్నాడు. నోటికి వచ్చింది అదే.

"ఏ గంజా! మొన్న పొద్దుగూకేదాకా నా పొయ్యి దగ్గర ఏం చేశావు? రంగు గంజిలోంచి దిగుతుందట్రా? నూలుకు అందాలి కదా! ఎరుపు ముందు దొరికినచోటల్లా పట్టేసుకుంది, నీలం చోటులేక పక్కన నిలబడింది. రాత్రంతా వేడినీళ్లలో నానేసి, తెల్లారి ఉతికి, అప్పుడు కదా గంగాళంలో వేయాలి! మా పనిశాల అమ్మాయిలంతా ఆ ఫోటో చూసి, ఈ జెండా ఎవడో తాగి రంగేశాడన్నారు. నేను చూడగానే తెలుసుకున్నా. ఇంత గంజి పెట్టే మొండిఘటం లోకంలో ఇంకొకడు ఎవడు?"

"మరి చెప్పాలి కదా," అన్నాడు మీటరు.

"జీవితమంతా కిటికీలోంచి అరిచాను!"

"తిడుతున్నావనుకున్నా."

 ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటే ఆకుపచ్చ మొహానికంటింది.

"ఫోన్లో విన్నానన్నావు. అంతేనా?" అన్నాడు మీటరు.

"గొళ్లెం ఊడితే తలుపు దానంతటదే తెరుచుకుంటుందా? ఆ నిబంధన ఇంకా పుస్తకంలోనే ఉంది. కొత్తవాళ్లు కూర్చుని దాన్ని కొట్టేయాలి. అప్పుడు వద్దామనుకున్నా." పత్రిక తీసి మళ్లీ చూసింది. "ఇది చూశాక ఉండబట్టలేదు. నేను లేకపోతే నా రంగు ఇలా అయిపోతుందా అని."

మొన్నటినుంచి తాళం వేయని పనిశాలలోకి వెళ్లింది. మీటరు వెనక గది కిటికీలోంచి చూశాడు. గంగాళం అడుగున మాడిన మరక చూసి నెత్తి కొట్టుకుంది. కర్రలు తిప్పి చూసింది. ముందు కట్టుకునే గుడ్డ మేకునుంచి తీసి దులిపింది, కట్టుకోలేదు, మళ్లీ తగిలించింది. మీటరు ఆ మేకు వంకే చూస్తూ అడిగాడు.

"వెళ్తావా?"

"సాయంత్రం బస్సుకి. అక్కడ సగం రంగులో ఉన్న పని వదిలి వచ్చాను. మాటిచ్చిన పని పూర్తి చేయకుండా రాను."

"తర్వాత?"

అక్క కిటికీ దగ్గరకు వచ్చి ఇటువైపు చూసింది. "ఆ బూడిద మూటలు ఏం చేస్తావు?"

"ఏముంది చేయడానికి. ఎవరు కొంటారు?"

"బూడిద మీద వంకాయ వేస్తే తెలుసా ఎంత చిక్కగా పడుతుందో? తెల్లగుడ్డ మీద ఎన్నిసార్లు ముంచినా రానంత చిక్కన. కానీ గంజి ఉండకూడదు. ఒక్క పోగులో కూడా."

"ఎవరు వదిలిస్తారు?"

"ఎవరు పెట్టారు?"

 అక్క చెయ్యి చాపింది, కిటికీలోంచి, ఒకప్పటిలాగే. అతను ఆ అరచేయి వంక చూశాడు. ఏం అడుగుతోందో అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. జేబులోంచి తాళంచెవి తీసి అందులో పెట్టాడు.

"తిరిగొచ్చాక నా తాళం నేనే తీసుకుంటా," అంది అక్క. "నువ్వు మళ్లీ దూరి ఇంకేం మాడ్చేస్తావో!"

సాయంత్రం బస్సు ఎక్కిస్తుంటే అదే కండక్టరు. "సరుకు వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. వాపసు వెళ్తోంది," అన్నాడు మీటరు.

"సరుకేంట్రా, వెధవా," అని లోపలినుంచి అక్క గొంతు.

బస్సు కొండల వైపు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వచ్చి పెరట్లో నీళ్లు కాచాడు. బూడిద తానులు ఒకటొకటే విప్పి నానబెట్టాడు. తను పెట్టించిన గంజి నీళ్లలోకి తెల్లగా దిగుతుంటే చూస్తూ కూర్చుని లెక్క చూసుకున్నాడు. మొదట చేతిలో ఉన్నవాటిలో తెల్లగుడ్డ కొంత పోయింది, కొలత లేకుండా పోయింది కాబట్టి ఎంతో చెప్పలేడు. టేపు మీద వంకాయ రంగు పట్టి అంకెలు కనబడటం లేదు. బూడిద గుడ్డ అమ్ముడుపోలేదు, నీళ్లలో మునిగి ఉంది. తడిసిన చొక్కా విప్పి ఉతికిన చొక్కా తొడుక్కుంటూ అలవాటుగా లోపలి జేబు తడిమాడు. ఏమీ లేదు. ఇంకోసారి తడిమాడు. ఏమీ లేదు.

నికర లాభం అదే.